హోండా సీఆర్-వీ ఆరు తరాల్లో కుటుంబానికి ఏది? మొదటిది, నాలుగోది, 1.5 టర్బో మధ్య తేల్చండి

వెనకసీటు:

నమస్తే అందరికీ. ఐదుగురికి సరిపడే పాత సీఆర్-వీ చూస్తున్నాం. ఇద్దరు పిల్లలకు చైల్డ్ సీట్లు తప్పనిసరి. రోజూ తిరిగేది పది కిలోమీటర్ల లోపే, నెలకో రెండు నెలలకో ఒక దూర ప్రయాణం. లిస్టులో మూడు మిగిలాయి: బాగా నీట్‌గా ఉంచిన మొదటి తరం ఆటోమేటిక్, 2013 నాటి నాలుగో తరం 2.4, 2018 నాటి ఐదో తరం 1.5 టర్బో. ఎవర్ని అడిగినా "హోండా ఇంజన్ కదా, ఢోకా లేదు" అంటున్నారు తప్ప అంతకు మించి చెప్పట్లేదు. తరం మారినప్పుడల్లా లోపల అసలు ఏం మారింది? చూడ్డానికి వెళ్లినప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టాలి? ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నదే తీసుకోవాలా?

బోనెట్‌కింద:

ముందు ఒకటి కొట్టేద్దాం. రోజూ పది కిలోమీటర్లే తిరిగే బండికి 1.5 టర్బో వద్దు. ఎందుకో కింద చెప్తా.

సీఆర్-వీని తరాల లెక్కన చూస్తే దెబ్బతింటాం. బాడీ మారిన ఏడాది ఒకటి, ఇంజనూ గేర్‌బాక్సూ మారిన ఏడాది ఇంకొకటి. "నాలుగో తరం" అని ఒకే పేరుతో అమ్మే 2014 బండికీ 2015 బండికీ అమెరికా మోడళ్లలో ఇంజన్ వేరు, గేర్‌బాక్స్ వేరు. ఇంజన్లు మార్కెట్‌ని బట్టి కూడా మారతాయి. అమెరికాలో 2.4 ఇస్తే చాలా దేశాల్లో 2.0 ఇచ్చారు. కాబట్టి ఆర్‌సీలో ఏడాది చూసి ఊరుకోకుండా ఇంజన్ బ్లాకు మీద కొట్టిన కోడ్ చదవండి.

మొదటి తరం 1995లో జపాన్‌లో వచ్చింది. బీ20 ఇంజన్, 2.0 లీటర్లు. అమెరికా లెక్కల్లో 126 హార్స్‌పవర్, 1999 నుంచి 146. దీనికి టైమింగ్ బెల్టు ఉంటుంది. బెల్టు మార్చిన బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే కాబట్టి పంపు, టెన్షనర్, క్రాంక్ సీల్ అన్నీ ఒకేసారి వేయించాలి. ఒక్క బెల్టు మార్చి ఊరుకుంటే ఆర్నెల్లకు పంపు కారి, మళ్లీ అదంతా విప్పాల్సి వస్తుంది.

ఈ ఇంజన్లో అసలు చూడాల్సింది వాల్వ్ గ్యాప్. గ్యాప్‌ను తనంతట తానే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు లేవు, ఫీలర్ గేజ్ పెట్టి చేత్తో సెట్ చేయాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఇన్‌టేక్ 0.08 నుంచి 0.12 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.16 నుంచి 0.20. కిలోమీటర్లు పెరిగేకొద్దీ ఎగ్జాస్ట్ వాల్వులు సీట్లోకి అరిగి దిగుతాయి, ఉన్న గ్యాప్ తగ్గిపోతుంది. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే దాని వేడి సీటు ద్వారా హెడ్‌లోకి పోదు, అంచు కాలిపోతుంది. కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. గ్యాప్ ఎక్కువైతే టక్‌టక్ వినపడుతుంది, తగ్గితే ఇంజన్ ఇంకా నిశ్శబ్దంగా నడుస్తుంది! "వినండి, ఎంత స్మూత్‌గా ఉందో" అని మురిపించే బండిలోనే వాల్వు కాలుతూ ఉండొచ్చు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. మొదటి నిమిషం ఐడిల్ వణికి, వేడెక్కాక సర్దుకుంటే అనుమానించండి. నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే తేలిపోతుంది.

రెండో తరం (2001 చివర నుంచి 2006) నుంచి కే సిరీస్ ఇంజన్లు, 2.0 లేదా 2.4. బెల్టు పోయి చైన్ వచ్చింది. నా లెక్కలో సీఆర్-వీ చరిత్రలో పెద్ద మలుపు ఇదే. ఇంజన్ గట్టిది. ఈ తరాన్ని చెడగొట్టింది ఏసీ కంప్రెసర్. అది లోపల విరిగితే లోహపు పొడి సిస్టమ్ అంతా పాకుతుంది. అప్పుడు కంప్రెసర్ ఒక్కటే మార్చితే, కండెన్సర్లో మిగిలిన పొడి కొత్తదాన్ని కూడా తినేస్తుంది. కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, డ్రయర్ కూడా మార్చి, పైపులు ఫ్లష్ చేయాలి. బోనెట్ ఎత్తినప్పుడు కంప్రెసర్ తళతళలాడుతూ, గ్రిల్ వెనక కండెన్సర్ పాతదే కనిపిస్తే ఆ పని సగంలో ఆపేశారన్నమాట.

మూడో తరం (2006 చివర నుంచి 2011) అమెరికాలో 166 హార్స్‌పవర్‌తో మొదలై 2010లో 180కి చేరింది. 2010-11 ఇంజన్ల మీద ఆయిల్ తాగుతుందన్న ఫిర్యాదులున్నాయి, డిప్‌స్టిక్ చూడకుండా తీసుకోవద్దు. మూడో, నాలుగో తరం 2.4లలో ఇంకో సంగతి. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే ఒకట్రెండు సెకన్లు "గర్ర్" మని గరుకు శబ్దం వస్తే అది వీటీసీ యాక్చువేటర్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఆయిల్ ప్రెషర్‌తో మార్చే భాగం). ఆయిల్ కిందికి దిగిపోయాక లోపలి లాక్ పిన్ గట్టిగా పట్టుకోక, ప్రెషర్ వచ్చేదాకా యాక్చువేటర్ కొట్టుకుంటుంది. ఇంజన్ వేడి మీద ఉంటే ఈ శబ్దం రానే రాదు. మీరు వెళ్లేసరికే స్టార్ట్ చేసి ఉంచారంటే ఏదో దాస్తున్నట్టే, ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయండి.

నాలుగో తరంలో 2012 నుంచి 2014 దాకా 2.4 మామూలు పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను సిలిండర్ బయట, గాలి దారిలో కొట్టేది), 185 హార్స్‌పవర్, ఐదు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. సాదా సీదా సరుకు, మీ లిస్టులో దానికే నా ఓటు. 2015లో డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్లోకి కొట్టేది), సీవీటీ (విడి గేర్లు లేకుండా బెల్టు మీద నడిచే ఆటోమేటిక్) వచ్చాయి. ఆ ఏడాది బండ్లలో ఐడిల్‌లో సీటు, స్టీరింగ్ వణుకుతున్నాయని గట్టిగా గొడవైంది. టెస్ట్ డ్రైవ్‌లో బ్రేక్ మీద కాలు పెట్టి, డీలో ఉంచి, ఏసీ వేసి రెండు నిమిషాలు కదలకుండా కూర్చోండి. వణుకు ఉంటే సీటు కిందే తెలుస్తుంది.

ఇక 1.5 టర్బో, 190 హార్స్‌పవర్. డైరెక్ట్ ఇంజెక్షన్లో చల్లని సిలిండర్ గోడ మీద పెట్రోల్ పడుతుంది, కొంత రింగుల పక్క నుంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కి అరగంట నడిస్తే ఆ పెట్రోల్ ఆవిరైపోతుంది. పది కిలోమీటర్లకే ఆపేస్తే ఆవిరయ్యే అవకాశం ఉండదు, రోజురోజుకీ పేరుకుంటుంది. ఆయిల్ పలచబడుతుంది, లెవెల్ పైకెక్కుతుంది. చలి దేశాల్లో ఇది బాగా బయటపడింది. 2018లో చైనాలో అమ్మకాలే కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. హోండా సాఫ్ట్‌వేర్ మార్చి కొంత తగ్గించింది. హైవే మీద తిరిగేవాళ్లకు ఇదే ఇంజన్ ఏ తలనొప్పీ లేకుండా నడుస్తుంది. మీ వాడకానికి మాత్రం కుదరదు.

మూలమలుపు:

ఫోర్ వీల్ డ్రైవ్ సంగతి నేను చెప్తా. బురద, మంచు, ఇసుక లేని దారుల్లో అవసరం లేదు. సీఆర్-వీలో ఉన్నది జీపు తరహా ఫోర్ వీల్ కాదు, లో రేంజ్ గేర్లు ఉండవు. మొదటి మూడు తరాల్లో వెనక డిఫరెన్షియల్‌కు రెండు చిన్న పంపులుంటాయి. ఒకటి ముందు చక్రాల వేగంతో, ఒకటి వెనక చక్రాల వేగంతో తిరుగుతుంది. ముందు చక్రం జారితే రెండు వేగాలకూ తేడా వచ్చి ఆయిల్ ప్రెషర్ పుడుతుంది, ఆ ప్రెషర్ క్లచ్‌ను నొక్కి వెనక చక్రాలకు పవర్ పంపిస్తుంది. అంటే జారాకే పనిచేస్తుంది. నాలుగో తరంలో దీన్ని ఎలక్ట్రానిక్ కంట్రోల్ కిందికి తెచ్చారు, స్పందన బాగా మెరుగైంది.

పాత వాటిని పరీక్షించడం తేలిక. బండి పదిహేను నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, నడక వేగంలో మూడు నాలుగు చుట్లు వేయండి, తర్వాత రెండో పక్కకు. వెనక నుంచి మూలుగు, కుదుపు వస్తే డిఫరెన్షియల్ ఆయిల్ చచ్చిపోయింది. మలుపులో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఎలాగూ వేగం తేడా ఉంటుంది, పాత ఆయిల్లో క్లచ్ ప్లేట్లు జారకుండా అతుక్కుంటూ వదులుతూ ఉంటాయి, ఆ శబ్దమే అది. చాలావరకు ఆయిల్ మార్చగానే పోతుంది, సుమారు ఒక లీటరు పడుతుంది. డ్యూయల్ పంప్ ఫ్లూయిడ్ అని హోండాదే వాడాలి. మామూలు గేర్ ఆయిల్ పోస్తే శబ్దం రెట్టింపై మళ్లీ తీయాల్సిందే. విప్పేటప్పుడు పైనున్న నింపే ప్లగ్ ముందు వదులు చేయండి, ఆ తర్వాతే కిందిది. కిందిది విప్పి ఆయిల్ అంతా కార్చేశాక పైది తుప్పు పట్టి రాలేదంటే బండి అక్కడే ఉండిపోతుంది.

నాలుగు టైర్లూ ఒకే కంపెనీవో కాదో, అరుగుదల సమానంగా ఉందో లేదో కూడా చూడండి. రెండు కొత్తవి, రెండు అరిగినవి ఉంటే వ్యాసాల తేడా వల్ల పంపులు తిన్నటి రోడ్డు మీద కూడా పనిచేస్తూనే ఉంటాయి.

సస్పెన్షన్లో ముందు లోయర్ ఆర్మ్ వెనక బుష్. అన్ని తరాల్లోనూ ఇది పోతుంది. బ్రేక్ కొట్టినప్పుడు "డుక్" మని ఒక్క దెబ్బ, వదిలినప్పుడు ఇంకో దెబ్బ వినిపిస్తుంది. టార్చ్ వేసి చూస్తే రబ్బరు మీద అర్ధచంద్రాకారంలో చీలిక కనపడుతుంది. పైపైన సన్నని గీతలుంటే ఫర్లేదు, వేలుగోరు దూరేంత ఉంటే మార్చాలి. ఎలైన్‌మెంట్ ఆ తర్వాతే చేయించండి, ముందే చేయిస్తే ఆ డబ్బు బూడిదలో పోసినట్టే.

2007-2011 బండి ఎప్పుడైనా చూస్తే వెనక చక్రాల ముందు, ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) ఫ్రేముకు బిగించిన చోట సుత్తి పిడితో తట్టండి. రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాల్లో అక్కడ తుప్పు తినేసి ఆర్మ్ ఊడే ప్రమాదం ఉందని 2023లో అమెరికాలో రీకాల్ (కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి సరిచేయడం) వేశారు.

చైల్డ్‌లాక్:

బోనెట్‌కింద గారు చెప్పిందంతా ఇంజన్ వైపు నుంచి సరే. పిల్లల్ని కూర్చోబెట్టే బండి కాబట్టి ఒక మాట అడ్డం వేస్తున్నా. 2012-14 బండి ముందు భాగంలో ఒక మూల మాత్రమే గుద్దుకునే ఐఐహెచ్‌ఎస్ (అమెరికాలో బీమా కంపెనీలు నడిపే భద్రతా సంస్థ) పరీక్షలో "మార్జినల్" దగ్గరే ఆగింది. 2015లో బాడీ నిర్మాణం మార్చాక "గుడ్" వచ్చింది. అమెరికాలో ఆటోమేటిక్ బ్రేకింగ్ ఉన్న హోండా సెన్సింగ్ కూడా ఆ ఏడాదే, పై ట్రిమ్‌లో మొదలైంది. మీరు వణుకు, సీవీటీ అని తీసిపారేసిన 2015-16లోనే క్రాష్ భద్రత ఎక్కువ. ఏ లెక్క చూసినా 2014-15 మధ్య గీతే పెద్దది, రెండు వైపులా ఏదో ఒకటి వదులుకోవాలి. నన్నడిగితే వణుకు లేని 2016 దొరికితే అదే.

మొదటి తరం ఎంత నీట్‌గా ఉన్నా వద్దనే అంటా. కిటికీల పక్కన తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు లేవు, బండి జారకుండా ఆపే ఈఎస్‌సీ లేదు. చైల్డ్ సీటు బిగించడానికి కింది హుక్కులు ఉన్నాయా అన్నది కూడా మార్కెట్‌ని బట్టి చూసుకోవాల్సిందే. ఒక్కరు తిరగడానికి ముచ్చటైన బండి, డిక్కీ పలకే మడత టేబుల్ అవుతుంది, ఆ సరదా వేరు. పిల్లలకు మాత్రం కాదు.

స్టెప్నీ విషయం చిన్నదే గానీ రోజూ చేతికి తగులుతుంది. మొదటి రెండు తరాల్లో స్టెప్నీ వెనక డోరు మీద వేలాడుతుంది, డోరు పక్కకు తెరుచుకుంటుంది. వెనక ఎవరైనా దగ్గరగా ఆపితే డిక్కీ తెరవలేరు. ఆ బరువుకి హింజ్ అరిగిందేమో చూడాలంటే డోరు సగం తెరిచి అంచు పట్టుకుని పైకి లేపండి, ఆడితే అరిగినట్టే. మూడో తరం నుంచి స్టెప్నీ కిందికి వెళ్లి డోరు పైకి లేస్తుంది. ఐదో తరం హైబ్రిడ్ చూస్తే అమెరికా బండ్లలో స్టెప్నీయే లేదు, పంక్చర్ కిట్ మాత్రమే.

లోపలి చోటు విషయంలో మొదటి నాలుగు తరాల వీల్‌బేస్ ఇంచుమించు ఒకటే, 2620 మిల్లీమీటర్లు. ఐదోది 2660, ఆరోది 2700. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటు పెట్టాక ముందు సీటువాళ్ల మోకాళ్లకు మిగిలే చోటు ఈ నలభై, ఎనభై మిల్లీమీటర్లతోనే తేలుతుంది. అయితే రెండు, మూడు తరాల్లో వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, నాలుగోదానిలో జరగదు. కొనేముందు మీ చైల్డ్ సీట్లు తీసుకెళ్లి రెండూ బిగించి, మధ్యలో పెద్దవాళ్లు ఒకరు కూర్చుని బెల్టు పెట్టుకోగలరేమో చూడండి. బెల్టు బకిల్ సీటు కింద ఇరుక్కుపోతే ఐదో మనిషి లేనట్టే.

రీకాల్స్: 2002 నుంచి 2011 దాకా ఏ సీఆర్-వీ అయినా టకాటా ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ మార్చారో లేదో ఛాసిస్ నంబర్‌తో చూడండి. మార్చకపోతే, మార్చేదాకా ఆ బండి నడపకండి. పాతబడ్డ ఇన్‌ఫ్లేటర్ పేలితే ఇనుప ముక్కలు మొహానికే వస్తాయి. 2002-2006లో డ్రైవర్ వైపు పవర్ విండో స్విచ్చులోకి నీళ్లు దిగి మంట అంటుకునే సమస్య మీద ఇంకో రీకాల్ ఉంది. 2023-2025 ఆరో తరానికి స్టీరింగ్ గేర్‌బాక్స్ రీకాల్. తిన్నగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ మధ్యలో పట్టేసినట్టు ఉంటే అదే.

బోనెట్‌కింద:

క్రాష్ పరీక్ష మాట నిజం, నేను లెక్కలోకి తీసుకోలేదు. 2016 తీసుకుంటే సీవీటీ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. అందులో హోండా సీవీటీ ఆయిల్ హెచ్‌సీఎఫ్-2 తప్ప ఇంకేదీ పోయకూడదు. ఒకసారి డ్రెయిన్ చేస్తే సుమారు నాలుగు లీటర్లు వస్తుంది. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అని ఎవరైనా అంటే అది ఎవరి లైఫ్‌టైమో అడగండి. 2013 ఐదు గేర్ల బాక్సుకు హోండా డీడబ్ల్యూ-1 ఆయిల్. అందులో టార్క్ కన్వర్టర్లో ఉన్నది కిందికి దిగదు, ఒక విడతలో సగం కూడా రాదు. మూడు సార్లు డ్రెయిన్ చేసి, మధ్యలో కొంచెం నడిపి నింపితేనే రంగు మారుతుంది. మెషిన్ పెట్టి ప్రెషర్‌తో ఫ్లష్ చేయించకండి.

వెనకసీటు:

చాలా థ్యాంక్స్. మొదటి తరం పక్కన పెట్టేశా. 1.5 టర్బో ఓనర్‌ని డిప్‌స్టిక్ ఫొటో అడిగితే పంపారు, లెవెల్ పై గుర్తుకంటే సుమారు సెంటీమీటరు పైన ఉంది. "మొన్న సర్వీసులో కొంచెం ఎక్కువ పోశారు" అంటున్నారు. అబద్ధమా నిజమా ఎలా తెలుస్తుంది? ఇంట్లో మనసంతా ఆ బండి మీదే ఉంది.

డిప్‌స్టిక్:

పేరుకు తగ్గ ప్రశ్న వచ్చింది, నేనే చెప్తా.

ఫొటోతో తేలదు. చదునైన చోట బండి ఆపి, ఇంజన్ ఆపాక కనీసం ఐదు నిమిషాలు ఆగి, ఒకసారి తుడిచి మళ్లీ ముంచి చూడాలి. వాలులో తీసిన ఫొటోలో సెంటీమీటరు తేడా రావడం మామూలే. సరిగ్గా చూశాక కూడా పైనే ఉంటే ముక్కుకి దగ్గర పెట్టుకోండి. పెట్రోల్ కలిసిన ఆయిల్ వాసన ఇట్టే తెలిసిపోతుంది. తెల్లటి టిష్యూ మీద ఒక చుక్క వేసి పది నిమిషాలు వదిలేయండి. బాగున్న ఆయిల్ చుక్క దగ్గరగా నిలబడుతుంది, పెట్రోల్ కలిసినది చుట్టూ పలచని వలయంలా చాలా దూరం పాకుతుంది. ఇది అంచనాకు మాత్రమే. ఖాయంగా కావాలంటే చిన్న సీసాలో నమూనా తీసి ల్యాబ్‌కి పంపితే ఎంత శాతం ఇంధనం ఉందో రాసిస్తారు.

ఎక్కువ పోశారన్న మాట తేల్చడానికి ఇంకో దారి ఉంది. కొత్త ఆయిల్, ఫిల్టర్ వేయించి, మాన్యువల్లో ఉన్నంతే కొలిచి పోయించండి. డిప్‌స్టిక్ మీద లెవెల్ ఎక్కడుందో ఫొటో తీసుకోండి. అలాగే పొట్టి దూరాలు తిప్పుతూ ఐదారు వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి. మామూలు ఇంజన్లో లెవెల్ ఉన్నచోటే ఉంటుంది లేదా వెంట్రుకవాసి తగ్గుతుంది. పెరిగిందంటే పెరిగింది పెట్రోలే. అమ్మేవాళ్లు అన్నాళ్లు ఆగనంటే ల్యాబ్ రిపోర్టే దిక్కు.

ఒకవేళ తీసుకుంటే మాన్యువల్ చెప్పిన గడువులో సగానికే ఆయిల్ మార్చండి, వారానికోసారి అరగంట తక్కువ కాకుండా హైవే మీద నడపండి. ఫిల్టర్ మార్చినప్పుడు పాత ఫిల్టర్ రబ్బరు రింగు బ్లాకుకి అతుక్కుని ఉండిపోలేదని వేలితో తడిమి చూడమనండి. రెండు రింగులు పడితే ఆయిల్ కారి వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. రెండో తరం 2.4లలో అప్పట్లో మొదటి సర్వీసు అయ్యాక కొన్ని బండ్లు అంటుకున్నది దీనివల్లే.

డీజిల్ తీసుకుందామా అని తర్వాతి ప్రశ్న రాకముందే చెప్తున్నా. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిళ్లకు మీ పది కిలోమీటర్లు ఇంకా చేటు. మసి కాల్చడానికి అదనంగా కొట్టే డీజిల్ కూడా ఆయిల్లోకే దిగుతుంది, అక్కడా లెవెల్ ఇలాగే పెరుగుతుంది.

మూలమలుపు:

ఇంట్లో మనసు కొత్త షేపు మీద ఉంటే ఐదో తరమే తీసుకోండి, హైబ్రిడ్‌లో. అందులో 2.0 ఇంజన్ టర్బో లేనిది. ఊళ్లో చక్రాలను తిప్పేది ఎక్కువగా మోటారే, ఇంజన్ జనరేటర్‌లా పనిచేస్తుంది. హైవే వేగంలో మాత్రం ఒక క్లచ్ పడి ఇంజన్ నేరుగా చక్రాలకు తగులుతుంది. బెల్టు మీద నడిచే సీవీటీ ఉండదు. టెస్ట్ డ్రైవ్‌లో ఎత్తు ఎక్కుతూ యాక్సిలేటర్ గట్టిగా నొక్కితే వేగంతో పొంతన లేకుండా ఇంజన్ అరుస్తుంది, కంగారు పడకండి, దాని తీరే అంత. స్టెప్నీ లేదని చైల్డ్‌లాక్ గారు చెప్పింది గుర్తుంచుకుని, దూర ప్రయాణాలకు టైర్ సైడ్‌వాల్స్ ఎలా ఉన్నాయో చూసుకోండి. సైడ్‌వాల్ చిరిగితే పంక్చర్ కిట్ పనికిరాదు.

వెనకసీటు:

అర్థమైంది. 1.5 టర్బోకి నో చెప్పేశా. 2016 ఒకటి, హైబ్రిడ్ ఒకటి వెతుకుతా. 2013 బండి ఓనర్‌కి రేపు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగానే వస్తానని చెప్పా. ఆ గర్ర్ వినపడితే ఇక్కడే రాస్తా.